మోకాలి మార్పిడి శస్త్రచికిత్సకు సరైన సమయం ఎలా తేల్చుకోవాలి?

మోకాలి అరుగుదలకు చేసే కీలు మార్పిడి అత్యవసర శస్త్రచికిత్స కాదు. ఆలోచించుకోవడానికి, అడిగి తెలుసుకోవడానికి, ఒంటిని సిద్ధం చేసుకోవడానికి దాదాపు ఎప్పుడూ వ్యవధి ఉంటుంది. అయినా చాలామంది విషయంలో ఈ నిర్ణయం తొందరపాటు వల్లనో భయం వల్లనో తప్పు సమయంలో జరుగుతోంది. అమెరికాలో సుమారు 8,000 మంది మోకాళ్ల స్థితిని కొన్నేళ్లపాటు గమనించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, శస్త్రచికిత్సతో మేలు పొందగల దశకు చేరినవారిలో దాదాపు పదింట తొమ్మిది మంది రెండేళ్లు దాటినా చేయించుకోలేదు. చేయించుకున్నవారిలో సుమారు నాలుగో వంతు మంది అంత అవసరం రాకముందే చేయించుకున్నారు. తొందరపడినవారు అప్పటికి బాగానే తిరుగుతూ ఉంటారు కాబట్టి వారికి కొత్తగా దక్కే లాభం తక్కువ. మరీ ఆలస్యం చేసినవారి కాలు, కోలుకోవడానికి కావలసిన బలాన్ని ముందే పోగొట్టుకుని ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్న కాలాన్ని గుర్తించడమే అసలు పని. దాన్ని వయసు చెప్పదు, ఎక్స్‌రే ఒక్కటే చెప్పదు. మోకాలు మీ రోజువారీ జీవితంలోంచి ఏమేం తీసేసింది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మీరు ఇప్పటికే ఏమేం చేశారు అన్న రెండు ప్రశ్నలకు నిజాయితీగా వచ్చే జవాబులు చెబుతాయి.

ఇక్కడ రాస్తున్నదంతా వయసుతో వచ్చే అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్ గురించే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వంటి వాపు జబ్బులున్నవారు ముందుగా ఆ జబ్బును మందులతో అదుపులోకి తెచ్చుకోవాలి. శస్త్రచికిత్స సమయంలో ఆ మందుల్లో వేటిని ఆపాలో, వేటిని కొనసాగించాలో రుమటాలజీ వైద్యుడే నిర్ణయించాలి.

ముందుగా, నొప్పి మోకాలిదేనని నిర్ధారించుకోండి

ఈ మెట్టును దాటవేసేవారు చాలామంది. మోకాలు నొప్పిగా ఉంటుంది, ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తుంది, రెండింటినీ ముడిపెట్టేస్తారు. కానీ యాభై దాటినవారిలో అరుగుదల జాడలు సర్వసాధారణం. అవి ఉన్నంత మాత్రాన నొప్పికి అవే కారణమని కాదు. తుంటి కీలు అరిగినప్పుడు నొప్పి తొడ మీదుగా దిగి మోకాలి దగ్గర తెలుస్తుంది, కొందరికి మోకాలి దగ్గర మాత్రమే తెలుస్తుంది. గజ్జల్లో నొప్పి ఉన్నా, కాలు మీద కాలు వేసుకుని సాక్సు తొడుక్కోవడం కష్టమవుతున్నా తుంటికి కూడా ఎక్స్‌రే తీయించాలి. నడుము నుంచి కాలి కిందికి మంటగా, తిమ్మిరిగా పాకుతూ, ఎక్కువసేపు నిలబడితే పెరిగి, కూర్చుంటే లేదా ముందుకు వంగితే తగ్గే నొప్పి వెన్నెముకలో నరాలు నొక్కుకుపోవడం వల్ల వచ్చేది కావచ్చు. కొంత దూరం నడిచేసరికి పిక్కలు పట్టేసి, ఉన్నచోట నిలబడగానే సర్దుకుంటుంటే కాలి రక్తనాళాలను పరీక్షించాలి. మోకాలి లోపలి వైపు, కీలుకు కొంచెం దిగువన ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుడుతుంటే అక్కడి స్నాయువుల కింద ఉండే తిత్తి వాచి ఉండవచ్చు. దానికి కీలు మార్పిడితో పనే లేదు.

కాబట్టి మిమ్మల్ని చూసే ఆర్థోపెడిక్ వైద్యుడు మోకాలితో పాటు తుంటిని తిప్పి చూశాడా, నడక చూశాడా, పాదం దగ్గర నాడి చూశాడా అన్నది గమనించండి. చూడకపోతే చూడమని అడగడానికి మొహమాటపడకండి. మోకాలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే అది వేరే సంగతి: కీలులో చీము చేరి ఉండవచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఎక్స్‌రేను ఎంతవరకు నమ్మాలి

ఎక్స్‌రే నిలబడి తీయించుకోవాలి. పడుకుని తీసిన చిత్రంలో శరీర భారం కీలు మీద పడదు కాబట్టి ఎముకల మధ్య ఖాళీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, అరుగుదల తక్కువగా తోస్తుంది. వైద్యులు 1957 నుంచి వాడుకలో ఉన్న కెల్‌గ్రెన్ లారెన్స్ కొలమానం ప్రకారం అరుగుదలను 0 నుంచి 4 వరకు దశలుగా చెబుతారు. నాలుగో దశ అంటే గుజ్జు దాదాపు పూర్తిగా పోయి ఎముకకు ఎముక తగులుతోందని అర్థం. సాధారణంగా మూడు, నాలుగు దశల్లో ఉన్నవారికే కీలు మార్పిడి ప్రస్తావన రావాలి. ఒకటి, రెండు దశల్లో ఉన్న మోకాలిని మార్పించుకున్నవారిలో అసంతృప్తి ఎక్కువగా కనిపిస్తుంది. నొప్పి విపరీతంగా ఉండి ఎక్స్‌రే మాత్రం కొంచెమే చెడి ఉంటే, శస్త్రచికిత్స తేదీ తీసుకునే ముందు కారణం కోసం ఇంకా వెతకాలి.

దీనికి వ్యతిరేకమైనదీ నిజమే. నాలుగో దశ అని రిపోర్టులో రాసి ఉన్నా హాయిగా నడుస్తున్నవారు ఉన్నారు. అలాంటివారికి బొమ్మ చూపించి భయపెట్టి చేసే శస్త్రచికిత్స వల్ల ఒరిగేదేమీ లేదు. చికిత్స చేయవలసింది మనిషికి, చిత్రానికి కాదు.

ముదిరిన అరుగుదలకు ఎమ్మారై సాధారణంగా అవసరం లేదు. పెద్ద వయసులో ఎమ్మారై తీస్తే నొప్పి లేనివారిలో కూడా మెనిస్కస్, అంటే మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త, చిరిగినట్టు తరచుగా కనిపిస్తుంది. అది చూసి దుర్బీన్ శస్త్రచికిత్స, అంటే ఆర్థ్రోస్కోపీ చేసి శుభ్రం చేద్దామనే సలహా వస్తుంది. 2002లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరీక్షలో అరుగుదల ఉన్న కొందరికి నిజంగా ఆ శస్త్రచికిత్స చేశారు, మరికొందరికి చర్మం మీద కోతలు మాత్రమే పెట్టి కుట్టేశారు. రెండు వర్గాలకూ దక్కిన ఉపశమనంలో తేడా లేదు. 2017లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా అరుగుదల మోకాళ్లకు ఆర్థ్రోస్కోపీ వద్దని గట్టిగా సిఫారసు చేసింది. కీలు మార్పిడిని వాయిదా వేసే మార్గంగా దాన్ని ఎంచుకోకండి.

మోకాలు తీసేసినదాన్ని కాగితం మీద పెట్టండి

వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు మనిషి ఆ రోజు ఎలా ఉందో అదే చెబుతాడు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు శస్త్రచికిత్సకు సిద్ధపడతాడు, తక్కువగా ఉన్న రోజు వెనక్కి తగ్గుతాడు. ఈ ఊగిసలాటను ఆపగలిగేది రెండు మూడు వారాల పాటు రాసిన చిన్న నోటు పుస్తకం. ఎంతసేపు నడిచాక ఆగవలసి వచ్చింది, మెట్లు ఎలా ఎక్కారు, ఎలా దిగారు, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవగలిగారా, రాత్రి నొప్పితో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్ని నొప్పి మాత్రలు వేసుకున్నారు అన్నవి రోజూ ఒక్కో వరుసలో రాస్తే చాలు.

దానికి పక్కన మరో పేజీలో మానేసిన పనులు రాయండి. అన్నిటికన్నా ఎక్కువ సంగతి చెప్పేది ఈ పేజీయే. చాలామందికి తాము ఎంత వదిలేసుకున్నారో తెలియదు, ఎందుకంటే ఆ వదులుకోవడం ఒక్కసారిగా జరగదు. ముందు దూర ప్రయాణాలు మానేస్తారు, తర్వాత పై అంతస్తులో ఉన్నవారిని చూడడానికి వెళ్లరు, తర్వాత సాయంత్రపు నడక పోతుంది, ఆ పైన ఇంట్లోనే గది నుంచి గదికి వెళ్లడం లెక్కపెట్టుకుని చేస్తారు. చివరికి "నాకు పెద్దగా నొప్పేమీ లేదు" అంటారు. నొప్పి లేకపోవడం నిజమే, కదలకపోవడం వల్ల. ఈ పేజీని ఒంటరిగా రాయకుండా ఇంట్లో మీతో ఉండేవారిని కూడా అడిగి రాయండి. మీరు మానేసినవి మీకన్నా వారికే బాగా గుర్తుంటాయి.

దీన్ని అంకెల్లో చూడాలనుకునేవారికి ఆక్స్‌ఫర్డ్ నీ స్కోర్ అనే ప్రశ్నావళి ఉంది. పన్నెండు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 48. మార్కులు ఎంత తగ్గితే మోకాలు అంత చెడినట్టు. ఫలానా మార్కు కిందికి రాగానే చేయించుకోవాలనే గీత దీనిలో లేదు. ఆరు నెలలకోసారి అదే ప్రశ్నావళి నింపి, పరిస్థితి నిలకడగా ఉందా, జారిపోతోందా అని చూసుకోవడానికి దీన్ని వాడుకోవాలి.

శస్త్రచికిత్స కాని మార్గాలను నిజంగా ప్రయత్నించారా

"అన్నీ చేసి చూశాను" అని చెప్పేవారిని కాస్త లోతుగా అడిగితే మాత్రలు, నూనెలు, మోకాలి పట్టీ తప్ప మరేమీ బయటికి రావు. అరుగుదలకు మొదటి చికిత్స వ్యాయామం, అదీ తొడ ముందు భాగపు కండరాలను, తుంటి కండరాలను బలపరిచే వ్యాయామం. ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వారానికి రెండు మూడు సార్లు చొప్పున కనీసం పన్నెండు వారాలు చేస్తేనే ప్రయత్నించినట్టు లెక్క. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి రావడం సహజం; మరునాటికి అది మామూలు స్థాయికి దిగితే కీలుకు హాని జరగడం లేదని అర్థం. నొప్పి వస్తోంది కదా అని మొదటి వారంలోనే మానేస్తే కండరం ఇంకా సన్నబడి, కీలు మీద భారం ఇంకా పెరుగుతుంది.

అధిక బరువు ఉన్నవారు ఒక్క కిలో తగ్గినా ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో కొలిచి చూపించారు. చేతికర్ర పట్టుకోవడాన్ని అవమానంగా భావించకండి, పైగా దాన్ని సరైన చేత్తో పట్టుకోండి: కుడి మోకాలు నొప్పిగా ఉంటే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నొప్పిని తగ్గించే డైక్లోఫినాక్ జెల్లును మాత్రలకన్నా ముందు ప్రయత్నించాలి. మాత్రల విషయంలో, ముఖ్యంగా రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, కడుపు పుండ్లు, గుండె జబ్బు ఉన్నవారు, వైద్యుడి అనుమతి లేకుండా రోజూ వేసుకోకూడదు. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, అంతే. రెండేళ్లపాటు మూడు నెలలకోసారి ఇచ్చి చూసిన 2017 నాటి పరీక్షలో నొప్పి విషయంలో మందు లేని ఉప్పునీటి ఇంజెక్షన్‌కన్నా మెరుగు కనిపించలేదు, గుజ్జు మాత్రం మరికొంత ఎక్కువగా తగ్గింది. గ్లూకోసమైన్ మాత్రలను, హయలురోనిక్ ఆమ్లం ఇంజెక్షన్లను బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ సిఫారసు చేయడం లేదు.

ఈ శ్రమంతా ఎంతవరకు ఫలిస్తుందో చెప్పే మంచి ఆధారం డెన్మార్క్ నుంచి 2015లో వచ్చింది. కీలు మార్పిడికి అర్హులైన వంద మందిలో సగం మందికి శస్త్రచికిత్స చేసి ఆ తర్వాత పన్నెండు వారాల వ్యాయామ కార్యక్రమం ఇచ్చారు, మిగిలిన సగానికి ఆ కార్యక్రమం మాత్రమే ఇచ్చారు. ఏడాది తర్వాత శస్త్రచికిత్స చేయించుకున్నవారికే స్పష్టంగా ఎక్కువ ఉపశమనం దక్కింది, తీవ్రమైన దుష్ఫలితాలు కూడా వారిలోనే ఎక్కువ. కానీ రెండో వర్గంలోని యాభై మందిలో ఆ ఏడాదిలో శస్త్రచికిత్సకు మారినవారు 13 మంది మాత్రమే. దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది ఇది: శస్త్రచికిత్స బలమైన చికిత్స, అయినా వ్యాయామాన్ని పద్ధతిగా చేసినవారిలో ఎక్కువమందికి కొంతకాలమైనా దాని అవసరం పడదు. వ్యాయామం చేసి చివరికి శస్త్రచికిత్సకే వెళ్లినా ఆ కష్టం వృథా కాదు, బలమైన తొడతో వెళ్లినవారు తొందరగా నిలదొక్కుకుంటారు.

అలాగని ఈ ప్రయత్నాలకు అంతు లేకుండా పోకూడదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, అక్కడి తుంటి, మోకాలి శస్త్రవైద్యుల సంఘం కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సంగతే చెబుతున్నాయి: ఎక్స్‌రేలో మధ్యస్థం నుంచి తీవ్రమైన అరుగుదల ఉండి, నొప్పి లేదా ఇబ్బంది కూడా ఆ స్థాయిలోనే ఉండి, ఇతర చికిత్సలు ఒకసారి సరిగా చేసి చూసినవారిని ఇంకొన్నాళ్లు ఫిజియోథెరపీ, ఇంకో ఇంజెక్షన్ అంటూ ఆపవలసిన పని లేదు.

ఆగడం వల్ల నష్టం మొదలయ్యే గుర్తులు

కాలు పూర్తిగా చాపలేకపోవడం వీటిలో ముఖ్యమైనది. మంచం మీద వెల్లకిలా పడుకుని కాలు చాపినప్పుడు మోకాలి వెనుక భాగం పరుపుకు ఆనకుండా పైకి లేచి ఉంటే, అది నెలనెలా పెరుగుతుంటే, కీలు బిగుసుకుపోతున్నట్టు. శస్త్రచికిత్స తర్వాత మోకాలు ఎంత వంగుతుందో నిర్ణయించే వాటిలో అంతకుముందు ఎంత వంగేదన్నది ప్రధానమైనది, కాబట్టి బిగుసుకుపోయేదాకా ఆగినవారికి ఫలితం తగ్గుతుంది. కాలు దొడ్డికాలుగా లేదా మోకాళ్లు ఒరుసుకునేలా వంకర తిరగడం పెరుగుతున్నా, మోకాలు అకస్మాత్తుగా సడలి పడిపోతున్నా, విశ్రాంతిలో కూడా నొప్పి ఉండి రాత్రి నిద్ర క్రమంగా పోతున్నా, నొప్పి మాత్రలు రోజూ తప్పనిసరి అయినా వైద్యుడితో తేదీ గురించి మాట్లాడే సమయం వచ్చినట్టే. కదలకపోవడం వల్ల మధుమేహం అదుపు తప్పడం, బరువు పెరగడం, మనసు కుంగిపోవడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

వయసు సంగతి

అరవై లోపు వద్దని, ఎనభై దాటితే కుదరదని చెప్పే మాటలకు గట్టి ఆధారం లేదు. చూడవలసిన సంగతి కృత్రిమ కీలు ఆయుష్షు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం పూర్తి మోకాలి మార్పిడిలో సుమారు 82 శాతం 25 ఏళ్ల వరకు నిలుస్తున్నాయి. అదే పత్రికలో 2017లో వచ్చిన బ్రిటన్ లెక్కల ప్రకారం, 70 దాటాక చేయించుకున్నవారికి జీవితకాలంలో రెండోసారి మార్పిడి అవసరమయ్యే అవకాశం సుమారు 5 శాతం. యాభైల తొలినాళ్లలో చేయించుకున్న పురుషులకు అది 35 శాతం దాకా ఉంది. రెండోసారి చేసే శస్త్రచికిత్స మొదటిదానికన్నా కష్టం, ఫలితమూ తక్కువ. అందువల్ల యాభైల్లో ఉన్నవారు ఇతర మార్గాలపై మరింత పట్టుదల చూపాలి. ఒక పక్క మాత్రమే అరిగి కాలు వంకర తిరిగినవారు ఎముకను సరిచేసే ఆస్టియోటమీ గురించి అడగాలి. పెద్దవారి విషయంలో వయసుకన్నా గుండె, ఊపిరితిత్తులు, జ్ఞాపకశక్తి, తర్వాత చూసుకునే మనిషి ఉన్నారా అన్నవే ముఖ్యం.

ఒళ్లు సిద్ధంగా ఉందా

మోకాలు సిద్ధమైనా ఒళ్లు సిద్ధం కాకపోతే తేదీ వాయిదా వేయాలి. మధుమేహం అదుపులో లేనివారికి కీలులో చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 7.5 నుంచి 8 లోపు ఉండాలని చాలామంది సర్జన్లు కోరతారు. పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి. రక్తహీనత ఉంటే ముందే సరిచేసుకోవాలి. పుచ్చుపళ్లు, చర్మం మీద పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉంటే నయం చేసుకున్నాకే వెళ్లాలి. మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుని మూడు నెలలు కాకపోతే ఆగాలి. బరువు విషయంలో 2023 మార్గదర్శకాలు ఫలానా అంకెకు దిగేదాకా చేయబోమని నిరాకరించవద్దని చెబుతున్నాయి, ఎందుకంటే నడవలేని మనిషిని ముందు బరువు తగ్గి రమ్మనడం చాలా సందర్భాల్లో జరగని పని. అయితే బరువు మరీ ఎక్కువగా ఉన్నవారికి గాయం మానడంలోను, ఇన్ఫెక్షన్ విషయంలోను ప్రమాదం ఎక్కువన్నది తెలుసుకునే ఒప్పుకోవాలి.

ఏమి దక్కుతుంది, ఏమి దక్కదు

నిర్ణయం తీసుకునే ముందు మీరు కోరుకుంటున్నది ఈ శస్త్రచికిత్స ఇవ్వగలదా అని అడగండి. నొప్పి బాగా తగ్గి, నడక దూరం పెరిగి, రాత్రి నిద్ర పట్టాలని కోరుకునేవారిలో ఎక్కువమందికి అది నెరవేరుతుంది. పాతికేళ్లనాటి మోకాలు తిరిగి రావాలనుకుంటే నిరాశ తప్పదు. కొత్త మోకాలు మామూలుగా 110 నుంచి 120 డిగ్రీల దాకా వంగుతుంది; గొంతుకు కూర్చోవడం చాలామందికి సాధ్యపడదు, మోకాళ్ల మీద ఆనడం ఇబ్బందిగా ఉంటుంది. కుట్లకు బయటి వైపు చర్మం కొంత మొద్దుబారడం, కీలు టక్కుమని శబ్దం చేయడం మామూలే. అన్ని పరీక్షలూ సవ్యంగా ఉన్నా సుమారు ఐదుగురిలో ఒకరు ఫలితంతో తృప్తి పడరన్నది పలు అధ్యయనాల్లో తేలింది. కీలులో ఇన్ఫెక్షన్ నూటికి ఒకరిద్దరికి వస్తుంది, వస్తే మళ్లీ శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు. కాలి నాళాల్లో రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాలి.

కోలుకోవడానికి పట్టే కాలాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అదే రోజు లేదా మరునాడు నిలబెట్టి నడిపించడం చూసి పని అయిపోయిందనుకుంటారు. మొదటి ఆరు వారాలు నిజంగా కష్టం. రోజూ వంచే, చాపే వ్యాయామాలు నొప్పితోనే చేయాలి, రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టదు. మూడు నెలలకు చాలావరకు మామూలు పనులు చేసుకుంటారు, మెరుగుదల ఏడాది దాకా సాగుతుంది. ఆ మొదటి నెలన్నరలో మీ ఇంట్లో పెళ్లి, పరీక్షలు, ఇల్లు మారడం వంటివి లేకుండా, పక్కన ఒక మనిషి ఉండేలా చూసుకుని తేదీ పెట్టుకోండి.

సర్జన్‌తో మాట్లాడేటప్పుడు

నోటు పుస్తకం వెంట తీసుకెళ్లండి, ఇంట్లోవారిలో ఒకరిని కూడా తీసుకెళ్లండి. అరుగుదల ఒక భాగానికే పరిమితమై ఉంటే సగం మోకాలి మార్పిడి సరిపోతుందా అని అడగండి. దానిలో కోలుకోవడం త్వరగా జరుగుతుంది, కానీ 25 ఏళ్ల వరకు నిలిచేవి సుమారు 70 శాతమే. ఏడాదికి ఎన్ని మోకాళ్లు మారుస్తారు, వారి దగ్గర ఇన్ఫెక్షన్ ఎంతమందికి వచ్చింది, మీ విషయంలో ప్రత్యేకంగా ఉన్న ప్రమాదాలు ఏమిటి అని అడగడం అమర్యాద కాదు. రోబో సాయంతో చేస్తే కీలును అమర్చడంలో కచ్చితత్వం పెరుగుతుంది. రోగికి కలిగే ఉపశమనం మామూలు పద్ధతికన్నా ఎక్కువని మాత్రం స్పష్టంగా రుజువు కాలేదు, కాబట్టి యంత్రాన్ని చూసి కాక చేసే మనిషి అనుభవాన్ని చూసి ఎంచుకోండి. రెండు మోకాళ్లూ చెడి ఉంటే ఒకేసారి చేయడమా, కొన్ని నెలల తేడాతో చేయడమా అన్నది గుండె ఆరోగ్యాన్నిబట్టి ఉంటుంది. పెద్ద వయసు, గుండె జబ్బు ఉన్నవారికి విడివిడిగా చేయడమే క్షేమం. ఎక్కువ నొప్పి ఉన్న కాలిని ముందు చేయించుకుంటే రెండోది కొంతకాలం ఆగగలిగిన సందర్భాలూ ఉంటాయి. మొదటిసారి కలిసినప్పుడే తేదీ ఇచ్చి సంతకం పెట్టమంటే మరో సర్జన్ అభిప్రాయం తీసుకోండి. ఈ జబ్బులో ఆ వారం పది రోజుల ఆలస్యం వల్ల నష్టమేమీ ఉండదు.

ఇన్ని చూసుకున్నాక ఇప్పుడే వద్దనిపిస్తే, మళ్లీ ఎప్పుడు చూసుకోవాలో తేదీ రాసుకోండి. ఆరు నెలల తర్వాత అదే ప్రశ్నావళి నింపండి, అదే మంచం మీద కాలు చాపి చూసుకోండి, మానేసిన పనుల పేజీలో కొత్త వరుసలు చేరాయా చూడండి. ఏడాదికోసారి నిలబడి ఎక్స్‌రే తీయించుకోవడం వంకర తిరుగుతున్న కాలికి అవసరం, మిగిలినవారికి లక్షణాలు మారినప్పుడు చాలు. ఈ మధ్యలో తొడ వ్యాయామాలు మాత్రం ఆపకండి, శస్త్రచికిత్స వచ్చే ఏడాది జరిగినా, పదేళ్లకు జరిగినా, అసలు జరగకపోయినా వాటి అవసరం అలాగే ఉంటుంది.